చైనా పిల్లల గేములకు వారానికి 3 గంటల తాళం: నిజంగా పడిందా, కాగితం మీదేనా?

వీధిబడి (#1)
వాట్సాప్‌లో మళ్లీ అదే ఫార్వర్డ్ తిరుగుతోంది. "చైనాలో పిల్లలు వారానికి 3 గంటలే గేమ్ ఆడాలి, అందుకే వాళ్ల కుర్రకారు అలా, మన కుర్రకారు ఇలా" అని. కింద వరసపెట్టి చప్పట్లు, దండాలు. నాకు మూడు సందేహాలు. తెరకు అవతల కూర్చున్నది పదేళ్ల పిల్లాడో అరవై ఏళ్ల తాతో సర్వర్‌కి ఎలా తెలుస్తుంది? నిజంగా ఆట తగ్గిందా? తగ్గితే ఆ పిల్లల తీరు, ఆలోచన ఏమైనా మారాయా? "అది చైనా కాబట్టి చేస్తుంది" అన్న జవాబు మాత్రం వద్దు. ఎలా చేసిందో తెలిసినవాళ్లు చెప్పండి.

బీటాటెస్టర్ (#2)
ఫార్వర్డ్‌లో సగం నిజం. 2021 ఆగస్టు 30న చైనాలో గేములకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ, నేషనల్ ప్రెస్ అండ్ పబ్లికేషన్ అడ్మినిస్ట్రేషన్, ఉత్తర్వు ఇచ్చింది, సెప్టెంబర్ 1 నుంచి అమలు. 18 ఏళ్లు నిండనివాళ్లకు శుక్ర, శని, ఆదివారాలు, ప్రభుత్వ సెలవు రోజులు, అవి కూడా రాత్రి 8 నుంచి 9 దాకా మాత్రమే. మూడు గంటలు ఇచ్చాం, నీ ఇష్టమొచ్చినప్పుడు వాడుకో అని కాదు. శుక్రవారం గంట పోతే పోయినట్టే, శనివారానికి జమ కాదు. పండగ సెలవులుంటే ఆ వారం నాలుగైదు గంటలు కూడా రావచ్చు.

గుంటూరుమిర్చి (#3)
మున్సిపాలిటీ కుళాయి లెక్కన్నమాట. వచ్చినప్పుడే బిందెలు పెట్టుకోవాలి.

బీటాటెస్టర్ (#4)
అచ్చంగా అంతే. బిందెల దగ్గర గొడవ కూడా ఉంటుంది. హానర్ ఆఫ్ కింగ్స్ అని అక్కడ అందరూ ఆడే ఫోన్ గేమ్ ఉంది, అందులో ఒక మ్యాచ్ 15 నుంచి 20 నిమిషాలు, ఇటు ఐదుగురు అటు ఐదుగురు. గంటలో మూడు మ్యాచ్‌లు, చేయి తిరిగినవాడికి నాలుగు. 8:50కి ఇంకో మ్యాచ్‌లో దిగాడంటే 9కి వీడు మాయం, మిగిలిన నలుగురు అవతలి ఐదుగురితో తలపడాలి. అందుకే శుక్రవారం రాత్రి ఆ గంటలో ర్యాంక్ మ్యాచ్ ఆడొద్దని పెద్దవాళ్లు ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటారు.

లెక్కలమాస్టారు (#5)
#1లో మొదటి ప్రశ్నకు నేను చెప్తాను, అసలు కథంతా అక్కడే ఉంది.

చైనా గుర్తింపు కార్డు నంబరు 18 స్థానాలది. మొదటి 6 ప్రాంతం. తర్వాతి 8 పుట్టిన సంవత్సరం, నెల, తేదీ. ఆ తర్వాత 3 వరస సంఖ్య. అందులో చివరి అంకె బేసి అయితే మగ, సరి అయితే ఆడ. 18వది తనిఖీ అంకె. అంటే నంబరు చూస్తేనే వయసు తెలిసిపోతుంది, వేరే కాగితం అక్కర్లేదు.

తనిఖీ అంకె ఇలా వస్తుంది. మొదటి 17 అంకెలను వరసగా 7, 9, 10, 5, 8, 4, 2, 1, 6, 3, 7, 9, 10, 5, 8, 4, 2తో హెచ్చవేయాలి. అన్నీ కూడి 11తో భాగించాలి. శేషం 0 అయితే చివరి స్థానం 1. శేషం 1 అయితే 0. శేషం 2 అయితే X. ఆ పైన 3కి 9, 4కి 8, 5కి 7, 6కి 6, 7కి 5, 8కి 4, 9కి 3, 10కి 2.

ఇప్పుడు కిటుకు చూడండి. ఈ లెక్క తెలిసినవాడెవడైనా లేని మనిషికి నంబరు పుట్టించగలడు. 2007లో మొదటి తాళం వేసినప్పుడు జరిగింది అదే. నంబరు లెక్కకు సరిపోయిందా లేదా అన్నంతవరకే గేములు చూసేవి. నంబర్లు తయారుచేసే సైట్లు పుట్టగొడుగుల్లా వచ్చాయి. పిల్లాడు 1975లో పుట్టిన నంబరు ఒకటి నొక్కి కూర్చునేవాడు.

దారినపోయేదానయ్య (#6)
మాస్టారూ, అంకెల మధ్య ఆ X ఎవడు? ఏ తరగతిలో చెప్పారు?

లెక్కలమాస్టారు (#7)
11తో భాగిస్తే 11 రకాల శేషాలు వస్తాయి, మన దగ్గర అంకెలు పదే. పదకొండో దానికి రోమన్ పదిని, అంటే Xని అరువు తెచ్చుకున్నారు. పాత పుస్తకాల వెనక ఐఎస్‌బీఎన్ అనే పుస్తక నంబరు చివర కూడా అప్పుడప్పుడు కనబడేది ఆయనే.

చట్టంచుట్టం (#8)
మాస్టారు 2007 అన్నారు కాబట్టి వరస చెప్పేస్తాను. 2021 ఆకాశం నుంచి ఊడిపడలేదు.

2000లో ఇంట్లో ఆడే గేమ్ కన్సోళ్ల అమ్మకం ఆపేశారు, దాదాపు 2014 దాకా ఆ నిషేధం నడిచింది. 2002 జూన్‌లో బీజింగ్‌లో ఒక నెట్ సెంటర్‌లో మంటలు లేచి 25 మంది చనిపోయారు. లోపలికి రానివ్వలేదన్న కోపంతో కుర్రాళ్లే నిప్పు పెట్టారని తేలింది. ఆ ఏడాదే నెట్ సెంటర్లలోకి మైనర్లు అడుగు పెట్టకూడదని నిబంధన వచ్చింది. గేమ్ అంటే కీడు అన్న మాట అధికారుల నోట, తల్లిదండ్రుల నోట స్థిరపడింది అప్పుడే.

2007 పద్ధతిని అక్కడ "ఫాంగ్ చెన్‌మీ" అంటారు, మునిగిపోకుండా అడ్డు అని. అది బయటికి గెంటేది కాదు. మొదటి 3 గంటలు మామూలుగా ఆడొచ్చు. 3 నుంచి 5 గంటల మధ్య ఆటలో వచ్చే సంపాదన సగమవుతుంది. 5 దాటితే సున్నా. 5 గంటలు బయట ఉంటే మళ్లీ మొదటి నుంచి లెక్క.

2019 నవంబర్‌లో గట్టిపడింది: మామూలు రోజు గంటన్నర, సెలవు రోజు 3 గంటలు, రాత్రి 10 నుంచి ఉదయం 8 దాకా అసలు లేదు. 2021లో ఇంకా బిగిసింది.

బీటాటెస్టర్ (#9)
2007 దాంట్లో ఇంకో పెద్ద కంత ఉంది. గడియారం ఏ గేముకు ఆ గేముకే. ఒకదాంట్లో 3 గంటలు అయిపోతే రెండోది తెరవడమే. గేమ్ కంపెనీకి కూడా అభ్యంతరం లేదు, రెండోది కూడా వాళ్లదే అయ్యుంటుంది మరి.

వీధిబడి (#10)
మరి ఇప్పుడు లేని మనిషి నంబరు పనిచేయదా?

లెక్కలమాస్టారు (#11)
పనిచేయదు. ఇప్పుడు పేరు, నంబరు రెండూ కలిపి ప్రభుత్వ ధ్రువీకరణ వ్యవస్థకు వెళ్తాయి. అక్కడ పేరూ నంబరూ జతపడితేనే సరే అంటుంది. ఆ మనిషికి ఒక కోడ్ తిరిగి వస్తుంది. లాగిన్ అయినప్పుడు, బయటికి వచ్చినప్పుడు కంపెనీ ఆ కోడ్‌తో కబురు పంపాలి. కాబట్టి గడియారం కంపెనీ చేతిలోంచి జారిపోయింది. 2021 ఉత్తర్వు ప్రకారం ఈ వ్యవస్థకు కలపని గేమ్ నడపకూడదు, పేరు నమోదు చేయనివాడిని ఏ రూపంలోనూ ఆడనివ్వకూడదు. 2019లో అతిథిగా వచ్చి గంటసేపు రుచి చూసే వీలుండేది, అదే ఫోన్‌లో మళ్లీ 15 రోజుల దాకా కుదరదు. 2021లో ఆ గంట కూడా పోయింది.

మేడమీదగది (#12)
ఇక్కడే అసలు లొసుగు. వ్యవస్థ పట్టుకునేది నంబరును, పిల్లాడిని కాదు. నాయనమ్మ కార్డు బీరువాలో ఉంటుంది, నంబరు మనవడికి నోటికొచ్చు.

పల్లెల్లో ఇది మరీ ఎక్కువ. అమ్మానాన్నలు పట్నంలో ఫ్యాక్టరీలో, పిల్లలు ముసలివాళ్ల దగ్గర. చైనాలో ఇలాంటి పిల్లలను "వెనక ఉండిపోయిన పిల్లలు" అంటారు, కోట్లలో ఉన్నారు. ఫోన్ అమ్మమ్మది, సిమ్ అమ్మమ్మది, గేమ్ అకౌంట్ కూడా అమ్మమ్మదే. చట్టం లెక్కలో ఆవిడ అర్ధరాత్రి దాకా కత్తి తిప్పుతోంది.

గుంటూరుమిర్చి (#13)
అమ్మమ్మ ర్యాంకు ఎంతో?

బీటాటెస్టర్ (#14)
నవ్వులాటకు అన్నా నిజంగానే జరిగింది మిర్చీ. 2021 సెప్టెంబర్‌లో 60 ఏళ్ల వ్యక్తి పేరున్న అకౌంట్ తెల్లవారుజామున 3 గంటలకు హానర్ ఆఫ్ కింగ్స్‌లో అవతలి ఐదుగురినీ వరసగా కూల్చేసిందని చైనా సోషల్ మీడియా ఊగిపోయింది. ఆ అకౌంట్ ముఖ తనిఖీ దాటిందని ఆ గేమ్ కంపెనీ టెన్సెంట్ చెప్పుకోవాల్సి వచ్చింది.

ముఖ తనిఖీ పద్ధతి ఇది. పెద్దవాళ్ల పేరుతో ఉన్న అకౌంట్ రాత్రిపూట ఎక్కువసేపు నడుస్తున్నా, డబ్బు కట్టే దగ్గర తేడాగా కనిపించినా, ముందు కెమెరా తెరిచి ముఖం చూపించమంటుంది. చూపించను అన్నా, పోల్చుకోవడంలో తప్పినా మైనర్ కింద జమకట్టి బయటికి పంపేస్తుంది. 2021 జూలైలో దీనికి "అర్ధరాత్రి గస్తీ" లాంటి పేరే పెట్టారు.

పిల్లల ఎదురెత్తు: అమ్మమ్మ టీవీ ముందు కూర్చున్నప్పుడు ఫోన్ ఎత్తి ముఖం ముందు పెట్టడం. కళ్లు ఆర్పమంటే ఆవిడే ఆర్పుతుంది. రెండు సెకన్ల పని.

దారినపోయేదానయ్య (#15)
దొంగకు తాళంచెవి ఇవ్వడం విన్నాం, తాళంచెవిని సోఫాలో కూర్చోబెట్టి తాళం దాని ముఖాన పెట్టడం ఇప్పుడే వింటున్నా.

మేడమీదగది (#16)
ఇంట్లో ముసలివాళ్లు ఒప్పుకోకపోతే అద్దె దారి. 2021 సెప్టెంబర్ మొదట్లోనే 33 యువాన్లు కడితే రెండు గంటలు ఆడుకోవచ్చన్న ప్రకటన గొడవైంది. ఇది పనిచేసే తీరు: అద్దె ఇచ్చేవాడు తన పేరుతో లాగిన్ అయి ముఖం చూపించేస్తాడు. ఆ లాగిన్ గుర్తును ఒక చిన్న ప్రోగ్రామ్ ద్వారా అద్దెకు తీసుకున్నవాడి ఫోన్‌కు పంపుతాడు. వీడికి పాస్‌వర్డ్ తెలియక్కర్లేదు, ముఖం చూపించక్కర్లేదు. టెన్సెంట్ ఇలాంటి ఇరవైకి పైగా సైట్ల మీద కేసులు, నోటీసులు వేసింది. అకౌంట్ల అద్దె, అమ్మకం రెండూ కుదరవని ఉత్తర్వులున్నా చిన్న చిన్న చాట్ గ్రూపుల్లో వ్యాపారం ఆగలేదు.

దీంట్లో నష్టపోయేది పిల్లలే. ముందు డబ్బు, తర్వాత లాగిన్; డబ్బు పడ్డాక బ్లాక్ చేసేస్తారు. "మైనర్ తాళం తీసిపెడతాం, మీ అమ్మ ఫోన్‌తో ఈ కోడ్ స్కాన్ చెయ్యి" అని ఖాతా ఊడ్చేసే రకం ఇంకోటి. 9 తర్వాత ఆడాలనుకునే పిల్లాడు ఇంట్లో చెప్పుకోలేడు కాబట్టి వాడే తేలికైన బేరం.

చందమామ_చదువరి (#17)
అంటే ఏమీ తగ్గలేదంటారా? టెన్సెంట్ లెక్క చూడండి. 2020 సెప్టెంబర్‌లో వాళ్ల మొత్తం ఆట సమయంలో మైనర్ల వాటా 6.4 శాతం. 2021 సెప్టెంబర్‌లో 0.7 శాతం. డబ్బులో వాటా 4.8 నుంచి 1.1కి పడింది. దాన్ని కొట్టిపారేయలేం.

మేడమీదగది (#18)
కొట్టిపారేయట్లేదు. ఆ 0.7 శాతం మైనర్లని తేలిన అకౌంట్ల లెక్క. అమ్మమ్మ అకౌంట్ పెద్దవాళ్ల ఖాతాలో ఉంది. కొలబద్దకు అందనిది కొలతలో కనబడదు.

నిద్రపోనిసూరీడు (#19)
2022 నవంబర్‌లో అక్కడి గేమ్ పరిశ్రమ సంఘం నివేదిక వచ్చింది. మైనర్ల గేమ్ వ్యసనం "ప్రాథమికంగా పరిష్కారమైంది" అని రాసుకున్నారు. 75 శాతానికి పైగా పిల్లలు వారానికి 3 గంటల లోపే ఆడుతున్నారట. అందరూ 75 చూసి చప్పట్లు కొట్టారు. నిబంధనే ఇంచుమించు 3 గంటలైతే మిగిలిన పాతిక శాతం ఎక్కడ ఆడుతున్నట్టు? సొంత నివేదికలోనే నాలుగో వంతు పిల్లలు గోడ దూకినట్టు ఒప్పుకున్నారు.

చందమామ_చదువరి (#20)
నలుగురిలో ముగ్గురు దూకలేదు కదా సూరీడు గారూ. మీకు గ్లాసులో ఎప్పుడూ ఖాళీయే కనిపిస్తుంది.

నిద్రపోనిసూరీడు (#21)
గ్లాసు పక్కన పెట్టండి, ఇంకో లెక్క ఉంది. 2019 నిబంధన మీద 2023లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ అనే శాస్త్ర పత్రికలో పరిశోధన వచ్చింది. గేములు తయారుచేయడానికి వాడే యూనిటీ అనే సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన 700 కోట్ల గంటలకు పైగా ఆట సమాచారం తీసుకుని, నిబంధనకు ముందూ తర్వాతా పోల్చారు. అతిగా ఆడటం తగ్గిందనడానికి ఆధారం దొరకలేదు.

మెలిక కూడా నేనే చెప్తాను, లేకపోతే మాస్టారు పట్టుకుంటారు. ఆ సమాచారంలో వయసు లేదు. పిల్లలు, పెద్దలు కలిసే ఉన్నారు. పైగా అది 2019 గంటన్నర నిబంధన గురించి, 2021 గురించి కాదు. కాబట్టి "చైనా విఫలమైంది" అని దాన్ని ఫార్వర్డ్ చేయడం కూడా తప్పే.

లెక్కలమాస్టారు (#22)
పట్టుకుందామనే వచ్చా. వదిలేస్తున్నా.

చట్టంచుట్టం (#23)
గంటల గురించే మాట్లాడుతున్నారు, నా దృష్టిలో డబ్బు నిబంధనే గట్టిది. 2019 నుంచి ఉంది. 8 ఏళ్ల లోపు అకౌంట్ ఒక్క యువాన్ కూడా కట్టలేదు. 8 నుంచి 16 లోపు ఒకసారికి 50, నెలకు 200. 16 నుంచి 18 లోపు ఒకసారికి 100, నెలకు 400. గడియారాన్ని మోసం చేయొచ్చు గానీ డబ్బు బ్యాంకు దారిలో రావాలి, అక్కడ జాడ మిగులుతుంది.

అమ్మ ఫోన్‌లో పిల్లాడు కట్టేసిన డబ్బు వెనక్కి రావాలంటే చట్టం ఉంది. సివిల్ కోడ్ ప్రకారం 8 లోపు పిల్లలు చేసిన లావాదేవీ చెల్లదు. 8 నుంచి 18 మధ్యవాళ్లది వాళ్ల వయసుకు తగనంత పెద్దదైతే సంరక్షకులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. 16 దాటి సొంత సంపాదనతో బతుకుతున్నవాడిని పెద్దవాడి కిందే లెక్కేస్తారు. 2020 మేలో సుప్రీం పీపుల్స్ కోర్టు గేమ్ ఖర్చులకూ, లైవ్‌లో ఇచ్చే కానుకలకూ ఇదే వర్తిస్తుందని చెప్పింది.

ఆచరణలో వరస ఇది: చెల్లింపు వివరాలు, ఆర్డర్ నంబర్లు, గేమ్ ఐడీ తీసిపెట్టుకోవాలి. కుటుంబ నమోదు పుస్తకం, ఇద్దరి గుర్తింపు కార్డులు జతచేసి కంపెనీలో మైనర్ల విభాగానికి అర్జీ పెట్టాలి. కుదరకపోతే 12315 వినియోగదారుల లైన్. ఆ తర్వాత కోర్టు.

చెడేది ఎక్కడంటే, అకౌంట్ అమ్మ పేరు మీద ఉంటుంది. కట్టింది పిల్లాడే అని రుజువు చేయాల్సింది అమ్మే. ఆ సమయానికి ఆవిడ డ్యూటీలో ఉందని హాజరు పట్టీ, అప్పటిదాకా ఏమీ లేక ఒక్క వారంలోనే చిన్న చిన్న మొత్తాలు పదేపదే పోవడం, పిల్లాడి క్లాస్‌మేట్లతో గేమ్ చాట్, ఇలాంటివి పనికొస్తాయి. బడి ఉన్న సమయంలో కట్టినట్టు తేలితే కేసు తలకిందులవుతుంది. పాస్‌వర్డ్ పిల్లాడికి చెప్పి ఉంటే మీదీ తప్పుంది అని కొంత కోసి మిగతాదే ఇప్పిస్తారు. అర్జీ పెట్టే ముందు కంగారులో గేమ్ తీసేసి, చాట్లు చెరిపేసినవాళ్లకు చేతిలో ఏమీ మిగలదు.

వీధిబడి (#24)
ఇది నాకు తెలియనే తెలియదు. మూడో ప్రశ్న మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

చందమామ_చదువరి (#25)
ముట్టుకుంటాను. 2021 వేసవిని ఒక్క గుక్కలో చూడాలి. జూలైలో ట్యూషన్ల మీద వేటు, దాన్ని "రెండు తగ్గింపులు" అన్నారు: హోంవర్కూ తగ్గాలి, ట్యూషనూ తగ్గాలి. ఆగస్టు 3న ఒక ప్రభుత్వ ఆర్థిక పత్రిక గేములను "మానసిక నల్లమందు" అని రాసింది. చైనాలో నల్లమందు అన్న మాట మామూలు తిట్టు కాదు, నల్లమందు యుద్ధాలు, పరాయివాడి చేతిలో పరువు పోవడం అన్నీ అందులో ఉన్నాయి. టెన్సెంట్ షేరు ఆ రోజు ఒక దశలో 10 శాతం పడింది. వ్యాసం తీసేసి, ఆ మాట లేకుండా మళ్లీ పెట్టారు. నెలాఖరున గేమ్ ఉత్తర్వు. సెప్టెంబర్ 2న టీవీలో ఆడంగి మగవాళ్లు కనబడకూడదని ప్రసార శాఖ ఆదేశం.

అన్నీ కలిపితే ఒక బొమ్మ కనిపిస్తుంది. కష్టపడేవాడు, గట్టివాడు, దేశం కోసం నిలబడేవాడు కావాలి. గేమ్ గడియారం అందులో ఒక ముక్క.

నిద్రపోనిసూరీడు (#26)
బొమ్మ గీసింది సర్కారు, దాంట్లో ఎవరు కూర్చున్నారన్నది వేరే సంగతి. అదే ఏడాది ఏప్రిల్‌లో బైదు చర్చా వేదికలో ఒక యువకుడు "పడుకోవడమే న్యాయం" అని పోస్టు పెట్టాడు. చైనాలో "థాంగ్ పింగ్" అంటే వెల్లకిలా పడుకోవడం: పెద్ద ఉద్యోగం వద్దు, ఇల్లు కొనను, పెళ్లి చేసుకోను, బతకడానికి ఎంత కావాలో అంతే పని చేస్తాను. దానికి ముందే "నెయ్‌జువాన్" అన్న మాట ఉంది. అందరూ కాళ్ల వేళ్ల మీద నిలబడితే ఎవడికీ ఎక్కువ కనబడదు, అందరి కాళ్లూ నొప్పే, అలాంటి పోటీ. ఉదయం 9 నుంచి రాత్రి 9, వారానికి 6 రోజుల పని, దాన్ని 996 అంటారు. ఆ ఆగస్టులోనే అది చట్టవిరుద్ధమని సుప్రీం పీపుల్స్ కోర్టు చెప్పాల్సి వచ్చింది. అక్టోబర్‌లో కమ్యూనిస్టు పార్టీ పత్రిక ఛ్యూషీలో వచ్చిన షీ జిన్‌పింగ్ వ్యాసంలో కూడా ఈ పడుకోవడం, ఈ పోటీ రెండూ వద్దని ఉంది.

గేమ్ ఆపితే కుర్రాడు లేచి కూర్చుంటాడన్న లెక్క తప్పు. పడుకున్నవాడిని పడుకోబెట్టింది గేమ్ కాదు, ఇంటి ధర.

బీటాటెస్టర్ (#27)
సూరీడు గారూ, ఇక్కడ ఆగండి. పడుకుంటానన్నవాళ్లు పాతికేళ్లు దాటినవాళ్లు. 8–9 గంట 18 లోపు వాళ్లది. రెండు వేరు వేరు తరాలను ఒకే మంచం మీద పడుకోబెడుతున్నారు.

నిద్రపోనిసూరీడు (#28)
ఒప్పుకుంటున్నా, కలిపేశాను. కానీ ఆ పాతికేళ్లవాళ్లు 2007 తాళం కింద పెరిగిన పిల్లలే. మూడు గంటలకు సగం మార్కులు, ఐదు గంటలకు సున్నా అని నేర్పిన తరం. 2023 జూన్‌లో 16–24 ఏళ్ల నిరుద్యోగం 21.3 శాతానికి చేరింది, ఆ తర్వాత కొన్ని నెలలు ఆ అంకె ప్రకటించడమే ఆపేసి, విద్యార్థులను తీసేసి కొత్త లెక్క మొదలుపెట్టారు. ఉద్యోగం లేక అమ్మానాన్న ఇంట్లో వంటా బజారూ చూస్తూ వాళ్ల దగ్గరే జీతం తీసుకునేవాళ్లకు "ఫుల్‌టైమ్ పిల్లలు" అని పేరు కూడా వచ్చింది.

గుంటూరుమిర్చి (#29)
మా వీధిలో ఈ ఉద్యోగం చాలామంది జీతం లేకుండా చేస్తున్నారు.

మేడమీదగది (#30)
18 లోపు వాళ్ల సంగతికే వద్దాం. గేమ్ తీసేసిన గంట ఎటు పోయింది? గ్రౌండ్‌కి పోలేదు. చిన్న వీడియోలకు పోయింది. డౌయిన్‌లో, అంటే చైనా టిక్‌టాక్‌లో, 14 లోపు వాళ్లకు రోజుకు 40 నిమిషాలు, ఉదయం 6 నుంచి రాత్రి 10 లోపు అని 2021 సెప్టెంబర్‌లోనే పెట్టారు. అది కూడా వయసు తెలిసిన అకౌంట్‌కే. మళ్లీ అమ్మమ్మ ఫోనే. తేడా ఒకటుంది: గేమ్‌లో ఐదుగురు స్నేహితులతో మాట్లాడుతూ ఆడేవాడు, వీడియోలో ఒంటరిగా వేలు తోస్తాడు. ఏది నయమో నేను చెప్పను.

చందమామ_చదువరి (#31)
తల్లిదండ్రుల వైపు నుంచి కూడా చూడాలి. అక్కడ చాలామందికి ఈ ఉత్తర్వు హాయినిచ్చింది. గావ్‌కావ్ అనే ఒక్క ప్రవేశ పరీక్ష మీద బతుకంతా ఆధారపడి ఉంటే, "నేను వద్దంటున్నా" అనడం కన్నా "సర్కారు వద్దంది" అనడం తేలిక. ఇంట్లో గొడవ సర్వర్ మీదకి పోయింది.

ఇంతకన్నా చెడ్డ దారి పట్టినవాళ్లూ ఉన్నారు. షాన్‌డాంగ్‌లోని లిన్‌యీలో ఒక ఆసుపత్రి కేంద్రంలో నెట్ వ్యసనం పేరుతో పిల్లలకు కరెంటు షాకులిచ్చారు. తల్లిదండ్రులే డబ్బు కట్టి తీసుకెళ్లి అప్పగించారు. 2009లో ఆరోగ్య శాఖ ఆ షాకులు ఆపమంది. దాని పక్కన పెడితే 8–9 గంట ఎంత మెత్తనిదో తెలుస్తుంది.

బీటాటెస్టర్ (#32)
సర్కారుది కూడా ఒకే మాట కాదు. ఉత్తర్వు వచ్చిన రెండు నెలలకే, నవంబర్ మొదటి వారంలో, ఈడీజీ అనే చైనా జట్టు ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే కంప్యూటర్ గేమ్ ప్రపంచ కప్పు కొట్టింది. హాస్టళ్లలో కుర్రాళ్లు అర్ధరాత్రి కేకలు. ప్రభుత్వ టీవీ అభినందనలు చెప్పింది. 2003లోనే ఈ-స్పోర్ట్స్‌ను, అంటే గేముల పోటీలను, క్రీడగా గుర్తించిన దేశం అది. ఇలాంటి ఆటగాడు తయారయ్యేది పద్నాలుగు, పదిహేనేళ్ల నుంచి, రోజుకు ఎన్నో గంటల సాధనతో. వారానికి 3 గంటల పిల్లాడు పద్దెనిమిదికి ప్రపంచ కప్పు ఆడలేడు. ఇప్పుడు గెలిచేవాళ్లంతా పాత నిబంధనల్లో పెరిగినవాళ్లు.

2022 నవంబర్‌లో పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ వెబ్‌సైట్, గేమ్ పరిశ్రమ విలువను తవ్వి తీసే అవకాశం వదులుకోకూడదని రాసింది. నల్లమందు నుంచి గనికి పదిహేను నెలలు. 2024 ఆగస్టులో బ్లాక్ మిత్: వుకోంగ్ అనే చైనా గేమ్ వచ్చి 3 రోజుల్లో కోటి కాపీలు అమ్ముడయ్యాక అది సంస్కృతి అయిపోయింది.

చట్టంచుట్టం (#33)
మధ్యలో పరిశ్రమ మెడ ఎలా పిసికారో మరిచిపోతున్నారు. చైనాలో డబ్బు తీసుకునే ఏ గేముకైనా "బాన్‌హావో" అనే ప్రచురణ నంబరు ఉండాలి. 2018లో దాదాపు 9 నెలలు నంబర్లు ఇవ్వడం ఆపేశారు. మళ్లీ 2021 జూలై ఆఖరు నుంచి 2022 ఏప్రిల్ దాకా ఆపేశారు. 2021లో ఇచ్చినవి 755, 2022లో 512, 2023లో 1,075. నంబరు రాకపోతే చిన్న కంపెనీకి జీతాలు ఇచ్చే దారి లేదు. మైనర్ల గడియారం వల్ల పోయింది కొద్ది శాతమే, దెబ్బ తగిలింది ఇక్కడ. 2022లో అక్కడి గేమ్ మార్కెట్ సుమారు 10 శాతం తగ్గింది.

2023 డిసెంబర్ 22న ఇంకో ముసాయిదా: రోజూ లాగిన్ అయితే బహుమతి, మొదటిసారి డబ్బు కడితే బహుమతి, వరసగా కడితే బహుమతి, ఇవన్నీ వద్దన్నారు. పెద్దవాళ్లకు కూడా ఖర్చు పరిమితి పెట్టమన్నారు. ఆ రోజే టెన్సెంట్ షేరు 12 శాతం, ఇంకో పెద్ద గేమ్ కంపెనీ నెట్‌ఈజ్ షేరు పాతిక శాతం దాకా పడ్డాయి. మూడు రోజుల్లో 105 గేములకు అనుమతి ఇచ్చి బుజ్జగించారు. జనవరిలో ముసాయిదా వెబ్‌సైట్ నుంచే మాయమైంది. పిల్లల జోలికి పోతే తల్లిదండ్రులు చప్పట్లు కొడతారు, పెద్దల జేబు జోలికి పోతే మార్కెట్ కూలుతుంది.

దారినపోయేదానయ్య (#34)
ఇదంతా మన దగ్గర ఆధార్‌తో కట్టేస్తే? ఫార్వర్డ్ అడిగేది అదే కదా.

చట్టంచుట్టం (#35)
మన దగ్గర దారి వేరు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పేకాటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం దేశమంతటికీ డబ్బు గేములు కుదరవంది. ఎవరు ఎన్ని గంటలు ఆడాలన్న గడియారం అందులో లేదు. చైనాది సమయం మీద, మనది పందెం మీద.

దక్షిణ కొరియా కూడా 2011లో 16 లోపు వాళ్లకు అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా తాళం వేసింది. పదేళ్లు చూసి, 2022 మొదట్లో తీసేసింది. అక్కడ పిల్లలు వాడింది కూడా అమ్మానాన్నల నంబర్లే.

మేడమీదగది (#36)
దానయ్యా, ఆధార్‌తో కట్టినా ఫోన్ పెద్దవాళ్ల పేరు మీద ఉన్న ఇంట్లో #12 కథే మళ్లీ. ఇంట్లో ఏదైనా చేయాలనుకునేవాళ్లకు మాత్రం చైనా అనుభవం నుంచి పనికొచ్చేవి చిన్నవి. చెల్లింపుకు వేరే పిన్ పెట్టి పిల్లాడి ముందు నొక్కకపోవడం. గేమ్‌కు బ్యాంకు ఖాతా నేరుగా తగిలించకుండా కొద్ది డబ్బున్న వాలెట్ పెట్టడం. ఆపే సమయం గడియారంతో కాకుండా మ్యాచ్‌లతో చెప్పడం, "రెండు మ్యాచ్‌లు" అని. 9 గంటలకు మధ్యలో పీకేస్తే వచ్చే గొడవ ఏ భాషలోనైనా ఒకటే.

వీధిబడి (#37)
సరిపోయింది. ఆ ఫార్వర్డ్ కింద ఈ చర్చ లింకు పెడుతున్నా. పంపినాయన వయసు డెబ్బై, చదువుతారో లేదో.

గుంటూరుమిర్చి (#38)
డెబ్బై ఏళ్లాయన రాత్రి 11కి ఫార్వర్డ్ పెట్టారా? ఫోన్ ఎవరి చేతిలో ఉందో ముందు కనుక్కోండి. ముఖ తనిఖీ అవసరం.

దారినపోయేదానయ్య (#39)
మాస్టారూ, చివరగా ఒకటి. ఆ X రావాలంటే శేషం ఎంత ఉండాలి?

లెక్కలమాస్టారు (#40)
2. #5 మళ్లీ చదివి రండి.